నడిపేజీ చేతిరాత

ఇల్లందు బస్టాండుకు రెండు సందుల అవతల స్తుతి డీటీపీ సెంటరు ఉంది. పెళ్లి కార్డులు, చర్చి కూడికల కరపత్రాలు, ఆధార్ కార్డులకు లామినేషన్. ఇరవై ఏళ్లుగా ఆమె చేసే పని ఇదే. తండ్రి జకరయ్య బొగ్గు బావిలోకి దిగి పనిచేసిన మనిషి. ఇంటర్ అయ్యాక కూతురు ఖమ్మం వెళ్లి కంప్యూటర్ నేర్చుకుంటానంటే, "పైన వెలుతుర్ల కూసోని చేసే పని గదా, నేర్సుకో బిడ్డా" అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

అక్షరానికి ఊపిరాడాలనేది స్తుతి పట్టుదల. తెలుగు అక్షరానికి పైన గుడులుంటాయి, కింద వొత్తులుంటాయి. లైన్లను దగ్గరికి నొక్కితే పై లైను వొత్తు వచ్చి కింది లైను గుడి మీద కూర్చుంటుంది. పెళ్లి కార్డులో కూడా ఆమె అలా కానిచ్చేది కాదు. ఇంకో నాలుగు పేర్లు ఇరికించమని పెళ్లివారు బతిమాలితే, "పేర్లు పడతయి గనీ చదవరాదు" అని తేల్చి చెప్పేది.

కిందటి ఏడు వానలప్పుడు రామకృష్ణ సార్ ఆమె షాపు మెట్లెక్కాడు. జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాడాయన. కాలేజీ పిల్లల కోసం, పిల్లల చేతే రాయించి 'గేటు బయట' అని ఒక సాహిత్య పత్రిక మొదలుపెట్టాడు. మొదటి సంచిక కట్ట ఆమె బల్ల మీద పెట్టాడు.

"మూడొందల కాపీలు స్టాఫ్ రూముల్నే ఉన్నయి స్తుతమ్మా. ఊరికే ఇస్తనన్నా ఒక్కలు ముడ్తలేరు. పిల్లలు మంచిగనే రాసిండ్రు. ఏడ తప్పిందో నాకు తెల్వట్లేదు."

స్తుతి తిరగేసింది. అట్ట మీద శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి. మొదటి ఆరు పేజీలు పెద్దల శుభాకాంక్షలు. ఆ వెనకాల చీమలబారు లాంటి అక్షరాల్లో పిల్లల కథలు.

"సార్, మీరేమనుకోవద్దు. ఇది పిల్లల కోసం చేసినట్టు లేదు. పెద్దలకు చూపించనీకి చేసినట్టున్నది."

ఆయన కోపం తెచ్చుకోలేదు. కాసేపు అట్ట వైపు చూసి, "అయితే నువ్వే చెయ్" అన్నాడు.

ఆమె వారం రోజులు కంప్యూటర్ ముట్టలేదు. కాలేజీ వేళకు కారేపల్లి బస్సెక్కి, వెనక నిలబడి పిల్లల్ని చూస్తూ పోయి వచ్చేది. ఒక చేత్తో రాడ్ పట్టుకుని, రెండో చేతిలో ఫోన్ బొటనవేలితో జరుపుతూ నిలబడే పిల్లలు వాళ్లు. పుస్తకమైనా ఒక్క చేతిలో పట్టాలి అనుకుంది. అందుకే కొత్త సంచికను సన్నగా, పొడుగ్గా, అరచేతికి సరిపోయేలా కోసింది. శుభాకాంక్షలు తీసేసింది. అట్ట మీద మనిషి ముఖమే లేదు. సగం తెరిచిన కాలేజీ గేటు, దాని కింద విప్పిన చెప్పుల జత. లోపల మొదటి పేజీలోనే ఒక పిల్లవాడి కథ నేరుగా మొదలయ్యేది.

నమూనాకు ఒక ప్రతి చేసి షాపు బెంచీ మీద వదిలేసింది. జిరాక్సులకు వచ్చే పిల్లలు దాన్ని తీసి తిప్పుతుంటే, పని చేస్తున్నట్టు నటిస్తూ వాళ్ల బొటనవేలు ఎక్కడ ఆగుతుందో చూసేది. కవితల దగ్గర కొందరు ఆగారు. కార్టూన్ దగ్గర ఎక్కువమంది ఆగారు. కానీ ప్రతి ఒక్కరూ ఆగింది ఒకే చోట. ఒక అమ్మాయి నోటుబుక్కు కాగితాల మీద రాసి పంపిన రెండు పేజీల రచనను స్తుతి టైపు చేయకుండా, ఆ చేతిరాతతోనే స్కాన్ చేసి పెట్టింది. గుండ్రటి, కొంచెం ఎడమకు వాలిన అక్షరాలు. 'ద'కు పొడుగాటి తోక. ఆ అక్షరాలను చూడగానే పిల్లలు తమలాంటి మనిషెవరో పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు వంగి చదివేవాళ్లు.

ఆ రచన పేరు 'ఆ ఫోన్'. తన స్నేహితురాలికి పదహారో ఏట పెళ్లి కుదిర్చితే, ఎవరికీ చెప్పకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి పెళ్లి ఆపించిన అమ్మాయి, ఆ తరువాత రోజూ ఎంత భయంతో బతుకుతోందో రాసింది. పేర్లు మార్చింది. రాసినవారి పేరు వేయవద్దని రామకృష్ణ సార్‌ను కోరింది. ఆయన వేయనని మాటిచ్చాడు. రాసిన అమ్మాయి ఎవరో స్తుతికి కూడా చెప్పలేదు.

చేతిరాతతో వేద్దామని స్తుతి అన్నప్పుడు ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. "ఆ పిల్లనొకసారి అడుగుదమా?"

"పేరు లేదు గద సార్. అచ్చయినంక చూస్తే ఎంత సంబురపడ్తదో."

ఇద్దరూ అంతటితో ఊరుకున్నారు.

పత్రిక ఖమ్మంలో అచ్చయి వచ్చింది. నవంబరు రెండో శనివారం పొద్దున కాలేజీకి సెలవు. రామకృష్ణ సార్ ఏదో ట్రైనింగ్‌కు హైదరాబాద్ పోయాడు. స్తుతి అడవి వైపు ఊళ్లకు పోవాల్సిన వాటిలో మొదటి కట్ట కట్టి, గుండాల బస్సు కండక్టర్‌కు అప్పగించి వచ్చింది. ఇరవై అయిదు కాపీల ఆ కట్ట చింతలగుంపు అనే అడవి పల్లె అంగన్‌వాడీ టీచర్ కళావతికి. సాయంత్రాలు గుంపు పిల్లలు ఆమె దగ్గరే పుస్తకాలు తీసుకుంటారు.

షాపు తెరిచి అరగంట కాలేదు, ముత్తక్క అనే ముసలామె వచ్చింది. చింతలగుంపు నుంచి తెల్లవారుజామునే ఆటోలో దిగిందట. పింఛను దరఖాస్తు జిరాక్స్ కావాలంది. స్తుతి మిషన్ ఆన్ చేస్తుంటే, ముత్తక్క బల్ల మీద తెరిచి ఉన్న పత్రిక మీదకు వంగింది.

"ఇది మా సువర్ణ రాసిందే గదా బిడ్డా?"

స్తుతి తిరిగి చూసింది. "నీకు సదువొచ్చా అవ్వా?"

"సదువేడిది? గనీ ఈ రాత నాకెరుకే. మా గుంపుల ఎవలకు ఏ కాయితం గావాలన్నా ఆ పిల్లనే రాస్తది. పోడు పట్టాలకు, రేషన్ కార్డుకు, అన్నిటికి. ఇగో సూడు."

తన దరఖాస్తును పత్రిక పక్కన పెట్టింది. గుండ్రటి, ఎడమకు వాలిన అక్షరాలు. 'ద'కు అదే తోక.

స్తుతి రెండు కాగితాలనూ మార్చి మార్చి చూసింది. స్టూలు మీద కూర్చుంది. ఏమీ తెలియనట్టు, "మీ గుంపుల ఈ మధ్య ఏదన్న పెండ్లి ఆగిందా అవ్వా?" అని అడిగింది.

"నీకెట్ల తెలుసు?" ముత్తక్క గొంతు తగ్గించింది. "మా దుర్గ పెండ్లి ఆగింది. పందిరేసినంక జీపులేసుకోని ఆఫీసరమ్మలొచ్చిండ్రు. పెండ్లి జేస్తున్నది దుర్గ మేనమామ సీతయ్య. మర్యాదగల్ల మనిషి. మగపెండ్లోళ్ల ముంగట కాయితం మీద సంతకం పెట్టించుకున్నరు. అప్పట్నుంచి సరిగ తింటలేడు, నిద్రపోతలేడు. ఫోన్ జేసినోళ్లు దొరికితే గుంపుల ఉండనియ్యనని ఒట్టు పెట్టుకున్నడు."

ముత్తక్క జిరాక్స్ తీసుకుని వెళ్లిపోయింది. స్తుతి రామకృష్ణ సార్‌కు ఫోన్ చేసింది. స్విచాఫ్. కళావతికి చేసింది. అందుబాటులో లేదు. మళ్లీ చేసింది. అడవిలో సిగ్నల్ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. బస్సు బయల్దేరి గంటవుతోంది.

షట్టరు సగం దించి స్కూటీ తీసింది.

ఆ రోడ్డు మీద ఆమె ఎన్నడూ ఒంటరిగా పోలేదు. కొమరారం దాటాక టేకు చెట్లు రెండువైపులా దగ్గరికొచ్చాయి. ఒకచోట పత్తి ట్రాక్టరు అడ్డంగా ఆగి ఉంది. అది జరిగేదాకా హారన్ కొడుతూనే ఉంది. 'ఒక్క మాట అడిగి ఉంటే' అనుకుంది. ఇంతమంది పిల్లల బొటనవేళ్లను చూసిన మనిషి, రాసిన పిల్ల ముఖం మాత్రం చూడలేదు. మూలమలుపు దగ్గర ఎదురుగా గుండాల నుంచి తిరిగొస్తున్న బస్సు కనపడింది. అంటే కట్ట ఎప్పుడో దిగిపోయింది.

చింతలగుంపు అంగన్‌వాడీ రోడ్డు పక్కనే ఉంది. వరండాలో కట్ట విప్పి ఉంది.

"అయ్యో, మీరే వచ్చిండ్రా మేడం!" కళావతి నవ్వుతూ లేచింది. "పుస్తకం మస్తుగున్నది. పోరగాండ్లు రాంగనే తొమ్మిది కాపీలు గుంజుకపోయిండ్రు."

"తప్పు పడ్డది టీచరమ్మా. నడి పేజీల తప్పు పడ్డది. అన్నీ వాపస్ కావాలె. జల్దీ."

ఆమె గొంతులో ఏముందో, కళావతి నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ గుంపులోకి నడిచారు. ఇళ్లు దూరదూరంగా ఉన్నాయి. ఒక అరుగు మీద ముగ్గురు పిల్లలు అట్ట చూస్తున్నారు, ఇచ్చేశారు. చేతి పంపు దగ్గర ఇద్దరు కార్టూన్ పేజీ చదువుకుని నవ్వుకుంటున్నారు, వాళ్లూ ఇచ్చారు. మంచం మీద ఒకటి, మేకల దొడ్డి గోడ మీద ఒకటి దొరికాయి. ఏడు. ఎనిమిదోదాన్ని ఒకతను బండి మీద గుండాల పట్టుకుపోయాడన్నారు.

తొమ్మిదోది ఎక్కడని వెతుక్కుంటూ అంగన్‌వాడీకి తిరిగి వచ్చేసరికి, అది వరండాలో కూర్చున్న ఒక పెద్దమనిషి చేతిలో ఉంది. నడి పేజీ తెరిచి ఉంది.

"సీతయ్య" అంది కళావతి నెమ్మదిగా.

యాభై ఏళ్లుంటాయి. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. స్తుతిని చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు. ఆమె తప్పు పడిందని, కాపీ వాపస్ కావాలని చెప్పింది. ఆయన విన్నాడు గానీ పుస్తకం ఇవ్వలేదు.

"ఇందుల మా సువర్ణ రాత లెక్కున్నది మేడం. మిగిలినయన్నీ మిషిన్ అచ్చరాలు. ఇదొక్కటే చేతిరాత. ఏం రాసిందో ఇనాలని ఉన్నది. నాకు సంతకం పెట్టుడే వస్తది." ఆయన గట్టిగా పిలిచాడు. "సువర్ణా! ఇటు రా బిడ్డా. గిదేందో సదువు."

ఎదురింటి వాకిట్లో పత్తి ఎండబోస్తున్న అమ్మాయి చేతులు దులుపుకుంటూ వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది, పదిహేడేళ్లుంటాయి. సీతయ్య చేతిలోంచి పుస్తకం తీసుకుంది. తన అక్షరాలను చూసింది. పేజీ అంచును బొటనవేలితో నొక్కి పట్టింది.

"ఇది నీ రాతేనా?" అన్నాడు సీతయ్య.

"అవ్ మామా. నాదే."

"మరి సదువు."

సువర్ణ తల వంచుకుని మొదలుపెట్టింది. "ఆ రోజు ఇంటర్ పరీక్ష. పొద్దుగాల ఏడు గంటల బస్సు రాలేదు..."

స్తుతి ఉలిక్కిపడింది. ఆ పేజీలో మరకలు తుడిచేందుకు ప్రతి లైనునూ పెద్దది చేసి చూసిన మనిషి. ఆ రెండు పేజీలు ఆమెకు కంఠతా వచ్చు. అందులో బస్సు లేదు, పరీక్ష లేదు. కాని సువర్ణ కళ్లు లైను వెంబడి ఎడమ నుంచి కుడికి జరుగుతున్నాయి. లైను చివర మాట ఆగుతోంది, మళ్లీ కింది లైనులో అందుకుంటోంది. కాగితం మీద పెళ్లి పందిరి ఉన్నచోట ఆమె నోట బస్సు షెల్టర్ వచ్చింది. జీపు వచ్చినచోట వెదురు లారీ వచ్చింది. లారీ డ్రైవర్ బతుకమ్మ పాట పెట్టాడంది. దారిలో టైరు పంచరయిందంది. కళావతి వెనకనుంచి వంగి పేజీలోకి చూసింది. ఆమె చదువుకున్నదే. రెండు లైన్లు చదివిందేమో, ముఖం తెల్లబోయింది. పెదవులు బిగించి, మెల్లగా సువర్ణకూ సీతయ్యకూ మధ్యకు జరిగి కూర్చుంది.

"మరి పరీక్షకు అందిందా?" సీతయ్య ఉండబట్టలేక అడిగాడు. "నిమిషం లేటయినా గేటు తియ్యరంట గదా?"

సువర్ణ కళ్లు పక్క పేజీ చివరికి జరిగాయి. "నిమిషం ముంగట అందింది మామా."

"అమ్మయ్య" అన్నాడాయన. నిజంగానే ఊపిరి వదిలాడు. ముఖంలో ఇన్నాళ్లుగా లేని తేట కొంచెం కనిపించింది. "మంచిగ రాసినవ్. మన గుంపు పిల్ల రాత పుస్తకంల వచ్చింది." పుస్తకం తీసుకుని తువ్వాలులో చుట్టుకున్నాడు.

స్తుతి ముందుకొచ్చింది. "తప్పుపడ్డ కాపీ అది. మంచిది పంపిస్త, అది ఇచ్చెయ్యండి."

"తప్పుంటే ఏంది మేడం, మా పిల్ల రాసింది గదా. మా దుర్గకు గూడ సూపిస్త. అది సదువుకున్న పిల్లే."

ఇంకోమాట గట్టిగా అంటే అనుమానం వస్తుంది. ఆయన ఇంటివైపు నడిచి వెళ్తుంటే ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు.

ఆయన మలుపు తిరిగాక సువర్ణ వరండా మెట్టు మీద కూలబడింది. స్తుతి పక్కన కూర్చోబోతే దూరం జరిగింది.

"మీరేనా ఇట్ల చేసింది?"

"అవ్. నేనే. నీ రాత నచ్చిందని..."

"నా రాత నచ్చితే నన్ను అడగాలె గదా మేడం. పేరు తీసేయమంటే సార్ తీసేసిండు. నా పేరు ఈడ ఎవలు చదువుతరు? నా చేతిరాత అందరింట్ల ట్రంకు పెట్టెలల్ల ఉన్నది." ఏడుపు ఆపుకుంటోంది. "దుర్గకు కూడ నేను ఫోన్ చేసిన్నని తెల్వదు. పెండ్లి ఆగినంక అది నాతోని సరిగ మాట్లాడ్తలేదు. ఇప్పుడు చదువుతది."

స్తుతి తప్పయిందంది. ఆ ఒక్క మాటే మూడుసార్లు అంది. ఇక్కడే ఉంటానంది. కళావతి తలూపింది. "మీరుంటే ఇంకా అనుమానమొస్తది. వెళ్లండి. ఈ పొద్దు ఈ పిల్ల మా ఇంట్ల పంటది. ఏమన్నయితే సిగ్నల్ ఉన్నకాడికి నడిచొచ్చి ఫోన్ చేస్త."

ఇరవై మూడు కాపీలతో స్తుతి తిరిగి వచ్చింది. ఆదివారం చర్చికి వెళ్లింది. ప్రతి పాట మధ్యలో ఒడిలో ఉన్న ఫోన్‌నే చూసుకుంది. అది మోగలేదు. మోగకపోవడం మంచికో చెడుకో తెలియలేదు. రామకృష్ణ సార్ ఆ సాయంత్రం హైదరాబాద్ నుంచి దిగి నేరుగా షాపుకొచ్చాడు. స్తుతి జరిగిందంతా చెప్పింది. "నాకు ఒక్క క్షణం అనిపించింది. అడగాల్సింది నేను" అన్నాడు. మిగిలిన కాపీలన్నీ ఇంకా షాపులోనే ఉన్నాయి. పుస్తకాన్ని మధ్యకు మడిచి పిన్నులు కొట్టారు కాబట్టి, పిన్ను విప్పితే నడి కాగితం ఒక్కటే ఊడివస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్కో పుస్తకం తీసి, పిన్ను కొసలు లేపి, ఆ కాగితాన్ని లాగడం మొదలుపెట్టారు. స్తుతి వేళ్ల చివర్లు గీసుకుపోయాయి.

మంగళవారం కాలేజీ వదిలాక, స్తుతి, రామకృష్ణ సార్ ఇంకా నడి కాగితాలు ఊడదీస్తుండగా సువర్ణ షాపు మెట్ల దగ్గర కనిపించింది. స్తుతి చేతిలోని పిన్నుల డబ్బా కింద పడింది.

"ఏమైంది? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఏం కాలేదు మేడం." సువర్ణ లోపలికొచ్చి బెంచీ మీద కూర్చుంది. నీళ్లు తాగింది. తరువాత చెప్పింది.

ఆ రోజే సీతయ్య పుస్తకం తీసుకెళ్లి దుర్గ చేతికిచ్చాడు. బస్సు కథట, సువర్ణ రాసిందట, మళ్లీ ఒకసారి చదివి వినిపించమన్నాడు. దుర్గ ఆ పేజీ చూసింది. చాలాసేపు చూసింది. ఏమైందని సీతయ్య అడిగితే, "గింత చిన్న రాత, కండ్లు గుంజుతున్నయి మామా, పొద్దుగాల చదువుత" అంది. రాత్రికి నడి కాగితం ఊడదీసి జాకెట్టులో దాచుకుని, తప్పుపడ్డ కాగితం టీచరమ్మకు వాపస్ పోయిందని మామకు చెప్పింది. మర్నాడు నీళ్లకు వచ్చినప్పుడు సువర్ణ పక్కన బిందె పెట్టింది.

"ఏమన్నది?" రామకృష్ణ సార్ అడిగాడు.

"ముందుగాల బిందె కడిగింది సార్. తర్వాత, 'నేను ఏడ్చిన్నని ఎందుకు రాసినవ్? నేను ఏడ్వలే. ఏడ్చింది మా అమ్మ' అన్నది." సువర్ణ నవ్వబోయి ఆగిపోయింది. "నిజమే సార్. నేను చూడకుండ రాసిన. బాగుంటదని రాసిన."

"థాంక్స్ చెప్పిందా?" అని అడగబోయి స్తుతి నోరు మూసుకుంది. అడగదగిన ప్రశ్న కాదనిపించింది.

"దుర్గ ఒకటే చెప్పింది మేడం. ఈ ఏడు అది మళ్లీ హాస్టల్‌కు పోతనని మామతోని మాట్లాడుతున్నదంట. ఆయన కొంచెం మెత్తబడ్డడు. ఇప్పుడు ఇది బయటపడితే మొత్తం చెడిపోతదని. దానికి పద్దెనిమిది నిండినంక, ఇద్దరం కలిసి మళ్లీ రాస్తం. అప్పుడు పేరు పెట్టి వేస్కోండి." బ్యాగులోంచి నాలుగు కాగితాలు తీసింది. "మామ ఇప్పుడు అందరికీ బస్సు కథ చెప్తున్నడు. పుస్తకంల అది లేకుంటే ఎట్ల? అందుకే రాసిన. అక్కడ నోటికొచ్చింది చెప్పిన గానీ, రాస్తుంటే ఇంకా మంచిగొచ్చింది."

స్తుతి ఆ కాగితాలు అందుకుంది. వెంటనే స్కానర్ మీద పెట్టలేదు. సువర్ణ పక్కన కుర్చీ వేసి, కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది. "నీ రాతతోని వెయ్యాల్నా, అచ్చు అక్షరాలతోనా? నువ్వే చెప్పు."

సువర్ణ తెర దగ్గరికి వంగింది. తెర మీద రెండు రకాలుగానూ చూసింది. అచ్చు అక్షరాలు పెద్దవి చేయమంది, మళ్లీ తగ్గించమంది. చివరికి తన రాతనే ఎంచుకుంది. కింద పేరు కూడా రాసింది. "మామ పేరు గూడ వెయ్యొచ్చా? ఎక్కడన్న చిన్నగ. ఆయనడిగిన ప్రశ్నతోనే కథ ముగిసింది గదా."

సంచిక వారం ఆలస్యంగా బయటికొచ్చింది. స్టాఫ్ రూములో ఒక్క కాపీ మిగల్లేదు. ముదిగొండ నుంచి ఒకమ్మాయి తన కథ పంపుతూ అట్ట రంగు బాగాలేదని కూడా రాసింది. స్తుతి ఆ ఉత్తరాన్ని గోడకు అంటించుకుంది. ఇప్పుడు మూడో సంచిక పని నడుస్తోంది. అచ్చుకు పోయే ముందు ఎవరి పేజీ వాళ్లకు చూపించాలని ఆమె పెట్టిన పద్ధతికి రోజులు పడుతున్నాయి. ఫోన్ అందని ఊళ్లకు తనే పేజీలు పట్టుకుని బస్సెక్కుతోంది.

దుర్గ మళ్లీ హాస్టల్‌లో చేరింది. పద్దెనిమిది నిండడానికి ఇంకా పదిహేను నెలలుంది. బండి మీద గుండాల వైపు పోయిన ఆ ఎనిమిదో కాపీ మాత్రం ఇప్పటికీ దొరకలేదు. ఆ వైపు నుంచి తెలియని నంబరు ఏదైనా మోగితే, ఎత్తే ముందు స్తుతి ఇవాళ్టికీ ఒక్క క్షణం ఆగుతుంది.